లారీ పొగ ఏ శాఖది?

కేంద్ర రోడ్డు రవాణా, పర్యావరణ, పెట్రోలియం, భారీ పరిశ్రమల, విద్యుత్, రైల్వే శాఖలకు కలిపి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రులకు, కార్యదర్శులకు నమస్కారం.

ఒకే ఉత్తరం ఇన్ని శాఖలకు రాయడం పద్ధతి కాదని తెలుసు. ఎవరికి రాయాలో తేలకే ఇలా రాస్తున్నాను. ఒక లారీ మన ముందు నల్లటి పొగ వదులుతూ పోతోందనుకోండి. ఆ పొగ ఎంతవరకు ఉండొచ్చో నిర్ణయించేది రోడ్డు రవాణా శాఖ. దాని ట్యాంకులో డీజిల్ పెట్రోలియం శాఖ చూసుకోవాలి. బండి ఎంత ఇంధనం తాగాలన్న లెక్క విద్యుత్ శాఖ కింద ఉన్న ఇంధన పొదుపు బ్యూరోది. దాని బదులు కరెంటు లారీ కొంటే సబ్సిడీ ఇచ్చేది భారీ పరిశ్రమల శాఖ. ఆ సరుకు అసలు గూడ్స్ బండిలో పోవాల్సిందంటే అది రైల్వే మాట. ఊరి గాలి సంగతి పర్యావరణ శాఖది. చివరికి ఆ లారీని ఆపి చలానా రాసేది రాష్ట్రం. ఇంతమంది ఉండి కూడా, ఇంతమంది ఉన్నందువల్లే కాబోలు, ఆ పొగ నాదే అని చెప్పేవారు లేరు.

నేను ముప్పై ఏళ్లకు పైగా డీజిల్ ఇంజన్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. పంపు, నాజిల్, టర్బో, ఇంతే నా చదువు. రవాణా పొగ మీద దేశానికంతటికీ ఒకే వ్యూహం రావాలని పెద్దలు అంటున్నారు. నాకూ రావాలనే ఉంది. అయితే ఆ వ్యూహం దేన్ని లెక్కపెడుతుందన్నదే నా దిగులు. ఇప్పటిదాకా మనం సర్టిఫికెట్లు లెక్కపెట్టాం, దుమ్ము లెక్కపెట్టాం, షోరూంలో అమ్ముడైన కరెంటు బండ్లు లెక్కపెట్టాం. రోడ్డు మీద తిరుగుతున్న బండి గొట్టంలోంచి ఏం వస్తోందో మాత్రం లెక్కపెట్టలేదు.

మనకు చేతకాక కాదు. చేసి చూపించిన పనులు మూడు నా కళ్ల ముందే జరిగాయి. 2000 నాటికి దేశమంతా పెట్రోల్‌లోంచి సీసం పోయింది. సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన ఆదేశంతో, ఎన్ని గోలలైనా, 2002 చివరికల్లా ఢిల్లీ సిటీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాయి. ఇక బీఎస్-6, అంటే కొత్త బండ్ల పొగకు దేశం పెట్టుకున్న హద్దుల్లో ఆరో మెట్టు. నిపుణుల కమిటీ 2024 దాకా గడువిచ్చినా, 2016 జనవరిలో ప్రభుత్వం మధ్యలో బీఎస్-5ను దాటేసి 2020 ఏప్రిల్ 1కే తెస్తామంది. కంపెనీలు మొత్తుకున్నాయి. గడువు తర్వాత బీఎస్-4 బండ్లు అమ్మడానికి వీల్లేదని 2018లో కోర్టు తేల్చేసింది. రిఫైనరీలు వేల కోట్లు పెట్టి డీజిల్‌లో గంధకాన్ని పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి దించాయి. ఆ తేదీన దేశమంతా ఒకేసారి మారింది. ఆ ఏడాది కరోనా గొడవలో ఇంత పెద్ద పని జరిగిందని జనం గమనించనే లేదు.

ఆ మూడింట్లోనూ చివరికి తేదీ గట్టిగా నిలిచింది, సాకు చెప్పే సందు లేకపోయింది. ఇంధనం, ఇంజన్, చట్టం ఒకే తాటి మీద నడిచాయి. అలా నడవని చోట ఏమైందో కూడా చూశాం. 2020కల్లా 60 నుంచి 70 లక్షల హైబ్రిడ్, ఎలక్ట్రిక్ వాహనాలు తిరుగుతాయని 2013లో ఒక జాతీయ ప్రణాళిక రాసుకున్నాం. 2020 వచ్చింది, పోయింది, ఆ అంకె దరిదాపుల్లోకి కూడా చేరలేదు. రోడ్లు వాహనాల కోసం కాదు, మనుషులు కదలడానికని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానంలోనే ఉంది. అది చదివినవాళ్లు ఆ తర్వాత మన నగరాల్లో కట్టిన ఫ్లైఓవర్లు చూసి ఏమనుకోవాలో మీరే చెప్పండి.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం సంగతికి వస్తాను. 131 నగరాల గాలిని బాగుచేయాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టను. కానీ నగరాల పనితీరుకు కొలబద్ద పీఎం-10. పది మైక్రాన్ల దాకా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండే రేణువులన్నీ అందులోకి వస్తాయి, మట్టి దుమ్ముతో సహా. ఇంజన్ మసి చాలామట్టుకు ఒక మైక్రాన్ కంటే చిన్నది. ఊపిరితిత్తుల అడుగుకు దిగేది, రక్తంలో కలిసేది అదే. బరువు తూచితే గుప్పెడు దుమ్ము ముందు చిటికెడు మసి తేలిపోతుంది. తూకం మీద మార్కులేస్తున్నప్పుడు ఏ కమిషనరైనా ముందు దుమ్మునే ఊడుస్తాడు. అదే జరిగింది. ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము పనులకే పోయిందనీ, వాహనాల పొగకు 13 శాతం కూడా దక్కలేదనీ సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తీసింది. నీళ్లు చల్లే ట్యాంకరు కూడా డీజిల్ బండే. తెల్లారగట్ల రోడ్డు తడుపుతూ అది వదిలే పొగ చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

దుమ్ము మంచిదని నేనను. టైర్లు, బ్రేకులు అరిగి వచ్చే రేణువులు కూడా ఆ దుమ్ములో కలుస్తాయి. రేపు బండ్లన్నీ కరెంటువైనా టైరు అరగక మానదు. యూరప్‌వాళ్లు యూరో-7లో బ్రేకు రేణువులకూ హద్దు పెట్టారు. ఆ పని మనమూ చేయాల్సిందే. అయితే ఇల్లు కాలుతుంటే ముందు వాకిలి ఊడవం కదా.

ఇప్పుడు సర్టిఫికెట్ సంగతి. కిందటేడు నా పాత డీజిల్ కారును పొల్యూషన్ పరీక్షకు తీసుకెళ్లాను. రోడ్డు పక్కన ఆగిన వ్యానులో ఒక కుర్రాడు, ఒక కంప్యూటరు, ఒక పొగ మీటరు. డీజిల్ బండి పరీక్ష ఎలా చేయాలో నాకు తెలుసు. గొట్టాన్ని సైలెన్సర్‌లో లోపలికంటా పెట్టాలి. యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా అడుక్కంటా తొక్కాలి. ఇంజన్ దాని గరిష్ఠ వేగానికి పోయి వేగాన్ని అదుపుచేసే గవర్నర్ అనే పరికరం పట్టుకునేదాకా ఉంచి వదలాలి. అలా కొన్నిసార్లు చేసి సగటు తీయాలి. ఆ కుర్రాడు గొట్టాన్ని అంచుకు తగిలించి, కోడిగుడ్డు మీద కాలు మోపినట్టు యాక్సిలరేటర్‌ను తాకి వదిలాడు.

“ఇంకా తొక్కు బాబూ, రేస్ రావాలి కదా” అన్నాను.

“ఎందుకు సార్, ఫెయిలైతే ఇబ్బంది మీకే కదా” అన్నాడు.

ఆ మాట వాడు మోసంతో అనలేదు, నా మీద జాలితో అన్నాడు. బండి ఫెయిలైతే నేను డబ్బులివ్వకుండా పక్క వ్యానుకు పోతాను, రేపట్నుంచి నా తోటివాళ్లూ అక్కడికే పోతారు. పేపరు దిద్దే మేష్టారికి పరీక్ష రాసినవాడే జీతమిచ్చే ఏర్పాటిది. ఇందులో కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. కాగితం లేకపోతే 10 వేల రూపాయల దాకా జరిమానా ఉంది కాబట్టి అందరి దగ్గరా కాగితం ఉంటుంది. పరిమితి దాటిన లక్షకు పైగా వాహనాలకు కూడా సర్టిఫికెట్లు ఇచ్చేశారని ప్రభుత్వ ఖాతాలను ఆడిట్ చేసే కాగ్ ఢిల్లీ మీద ఇచ్చిన నివేదిక 2025లో బయటపెట్టింది. మిగతా చోట్ల ఎవరైనా తవ్వితే ఇంతకన్నా గొప్పగా ఉంటుందని నేననుకోను.

పరీక్ష నిజాయితీగా జరిగినా అది చాలదు. ఈ మాట రోడ్డు రవాణా శాఖవారు కాస్త నిదానంగా వినాలి. పొగ మీటరు చూసేది నలుపును. పాత ఇంజన్లకు అది సరిపోయింది, ఎందుకంటే వాటి జబ్బు కంటికే కనబడేది. బీఎస్-6 డీజిల్ బండికి సైలెన్సర్ దారిలో పింగాణీ లాంటి పదార్థంతో చేసిన ఫిల్టర్ ఉంటుంది. తేనెపట్టులా సన్నటి గదులు, ఒక గది వదిలి ఒక గది మూసి ఉంటాయి. మసి ఆ గోడల్లో చిక్కుకుంటుంది, నిండినప్పుడు వేడికి కాలిపోతుంది. సిటీలో నత్తనడక నడిచే బండిలో ఆ వేడి పుట్టదు, ఫిల్టర్ పూడుకుపోతుంది. కొత్తది వేయాలంటే బోలెడంత ఖర్చు. అప్పుడు కొందరు దాన్ని విప్పించి లోపల డొల్ల చేసి మళ్లీ బిగిస్తారు. అలాంటి బండిని ఇవాళ మీ పొగ మీటరు దగ్గర పెట్టండి, దర్జాగా పాసవుతుంది. ఇంజన్ కొత్తరకం కాబట్టి నలుపు తక్కువే ఉంటుంది, కానీ కంటికి ఆనని రేణువులు వరదలా వస్తాయి. వీటిని పట్టాలంటే నలుపును కాదు, రేణువుల సంఖ్యనే లెక్కపెట్టే మీటరు కావాలి. బెల్జియం 2022లో, నెదర్లాండ్స్, జర్మనీ 2023లో ఆ మీటర్లను బండ్లకు గడువు ప్రకారం జరిగే తనిఖీలోకి తెచ్చాయి. బండి ఐడిల్‌లో ఉండగానే నిమిషాల్లో తేలిపోయే పరీక్ష అది.

నైట్రోజన్ ఆక్సైడ్లది ఇంకో కథ. మన పొల్యూషన్ పరీక్షలో వాటిని కొలవనే కొలవరు. పెట్రోల్ బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, డీజిల్ బండికి పొగ, అంతే. ఎండలో ఓజోన్ పుట్టడానికీ, గాలిలో సన్నటి నైట్రేట్ రేణువులు పుట్టడానికీ మూలం ఈ ఆక్సైడ్లే. వాటిని విరిచేయడానికే బీఎస్-6 లారీకి వేరే ట్యాంకులో యూరియా నీళ్లు పోస్తాం. డ్రైవర్లు డెఫ్ అంటారు, 32.5 శాతం యూరియా ఉంటుంది. దాని ఖర్చు తప్పించుకోవడానికి అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి బిగిస్తే చాలు, యూరియా పడుతున్నట్టే కంప్యూటరు నమ్ముతుంది. లారీ నల్లపొగ వదలదు, వెనకాల వెళ్లేవాడికి అనుమానం రాదు. కోట్లు పోసి తెచ్చిన ప్రమాణం ఒక చిన్న డబ్బాతో పోతోంది.

దీనికి విరుగుడు ఉంది. రోడ్డుకు ఒక పక్క నుంచి కాంతి కిరణం పంపి, బండి దాటేలోపు దాని పొగలో ఏముందో చదివి, నంబరు ప్లేటును ఫొటో తీసే యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. వాటితో ఢిల్లీ, గురుగ్రామ్ రోడ్ల మీద లక్షకు పైగా వాహనాలను కొలిచిన అధ్యయనం 2024లో బయటికొచ్చింది. ల్యాబులో పాసైన బండ్లు రోడ్డు మీద ఎంతెంత ఎక్కువ వదులుతున్నాయో, సీఎన్‌జీ బండ్లలోనూ నైట్రోజన్ ఆక్సైడ్లు ఎలా ఉన్నాయో అందులో కనిపించింది. ఈ యంత్రాలను టోల్ ప్లాజాల దగ్గర పెట్టండి. ఫాస్టాగ్‌కు బండి నంబరు ఎలాగూ తెలుసు. రెండు మూడుసార్లు దొరికిన బండినే పూర్తి పరీక్షకు పిలవండి, మిగతా జనాన్ని ఏటా కాగితం కోసం తిప్పడం మానండి. ఆ పరీక్ష కూడా జీతం మీద పనిచేసేవాడు చేయాలి, బండికింత అని తీసుకునేవాడు కాదు.

ముందు ఎవర్ని పట్టుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. దేశంలోని వాహనాల్లో ట్రక్కులు 3 శాతమే, కానీ వాహనాల రేణువుల కాలుష్యంలో 53 శాతం వాటిదేనని నీతి ఆయోగ్ 2022లో చెప్పింది. కాలుష్యం మీద చర్చ జరిగినప్పుడల్లా స్కూటరు మీద పోయే గుమాస్తా వైపు వేలు చూపిస్తాం గానీ, దొంగ ఎక్కడున్నాడో లెక్క ఎప్పుడో చెప్పేసింది. దేశంలో చాలా చోట్ల 2017 మార్చి దాకా బీఎస్-3 లారీలు అమ్మారు. కాగితం మీద వాటికి అనుమతించిన రేణువుల పరిమితి బీఎస్-6కు పదింతలు, నైట్రోజన్ ఆక్సైడ్లది పన్నెండింతల పైన. అది కూడా కొత్తగా ఉన్నప్పటి మాట. పంపు స్క్రూ తిప్పి డీజిల్ ఎక్కువ పడేలా చేసి, ఎయిర్ ఫిల్టర్ మార్చకుండా, ఓవర్‌లోడుతో ఘాట్ ఎక్కుతున్న లారీకి పరిమితులతో పనేముంది?

అయితే ఆ లారీ ఎవరిదో కూడా చూడాలి. ఎక్కువ లారీలు ఒకటి నుంచి అయిదు బండ్లున్న చిన్న యజమానులవి. పుస్తెలు తాకట్టు పెట్టి కొన్న బండ్లు నేనెరుగుదును. 2021 నాటి స్క్రాప్ విధానం వాళ్లకేమిస్తోంది? కొత్త బండి షోరూం ధరలో 4 నుంచి 6 శాతం తుక్కు విలువ, రవాణా వాహనానికి రోడ్డు ట్యాక్స్‌లో 15 శాతం దాకా రాయితీ. ఇంకా నాలుగేళ్లు అన్నం పెట్టే బండిని ఈ మాత్రానికి ఎవడు తుక్కు చేస్తాడు? కొత్త లారీ కొనే తాహతే ఉంటే వాడు పాతది ఎందుకు నడుపుతాడు?

నా సలహా ఇది: వాణ్ణి కొత్త బండి కొనమనకండి, వాడిన బీఎస్-6 కొనమనండి. పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలు అయిదారేళ్లు తిప్పి బండ్లు అమ్మేస్తుంటాయి, కాబట్టి 2020 నాటివి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. పాత బండి కొనేవాడికి బ్యాంకు మొహం చాటేస్తుంది, ఫైనాన్షియర్ నడ్డి విరుస్తాడు. ఆ అప్పుకు ప్రభుత్వం హామీ ఉండి, వడ్డీలో కొంత భరిస్తే చాలు. బదులుగా ఒకటే షరతు: పాత ఇంజన్ బ్లాకుకు కెమెరా ముందు రంధ్రం కొట్టాలి. లేకపోతే అదే ఇంజన్ ఇంకో బండిలో మళ్లీ లేస్తుంది. ఇంజన్లు చచ్చి బతకడం నేను చాలా చూశాను.

వయసును బట్టి నిషేధించడం మాత్రం మానుకోండి. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లకు బంకుల్లో ఇంధనం పోయకూడదని 2025 జూలై 1న ఢిల్లీలో మొదలుపెట్టారు. మూడో రోజుకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. సరిగ్గా చూసుకున్న పన్నెండేళ్ల బండి పక్కన ఫిల్టర్ పీకేసిన మూడేళ్ల బండిని నిలబెట్టి మీటరు పెట్టండి, వయసు కథ తేలిపోతుంది.

ఇంకొక సంగతి, పర్యావరణ శాఖవారికి. ఫిల్టర్ మసిని పడుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టదు. లీటరు డీజిల్ కాలిస్తే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు డీజిల్ బరువే కిలో ఉండదు, ఇదెలా అని మా దగ్గర అప్రెంటిస్ కుర్రాళ్లు అడిగేవాళ్లు. మిగతా బరువు గాలిలోంచి లాక్కున్న ఆక్సిజన్‌ది. కాబట్టి 2070కి నెట్ జీరో, అంటే వదిలినంత కార్బన్‌ను తిరిగి పట్టేస్తాం, అన్న మాట నిలబడాలంటే మంచి డీజిల్ బండి చాలదు, డీజిల్ బండ్ల సంఖ్యే తగ్గాలి. సరుకు రైలెక్కాలి, మనిషి బస్సెక్కాలి. ఆ తర్వాతే మిగిలినవి కరెంటుకు మారే సంగతి.

మనిషి బస్సెక్కడా అంటే, బస్సొస్తే ఎక్కుతాడు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్టాపుల దగ్గర నిలబడి చూడండి. దాని మీద రాజకీయ వాదన ఎటైనా సాగనివ్వండి. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న ఆ జనం మీకొక లెక్క చెబుతున్నారు: గిరాకీ ఉంది, బస్సుల్లేవు. పీఎం ఈ-బస్ సేవ కింద 2023లో ప్రకటించిన 10 వేల బస్సులు దేశమంతటికీ. వాటిలో ఎన్ని రోడ్డెక్కాయన్నది ప్రతి మూడు నెలలకూ నగరం పేరుతో సహా ప్రకటించండి. డిపోలో చార్జింగ్‌కు హైటెన్షన్ లైను రాక బస్సులు ఆగిపోతే అది ఏ శాఖ ఆలస్యమో కూడా రాయండి.

కరెంటు మాటెత్తాను కాబట్టి ఇదీ చెప్పాలి. కరెంటు బస్సు నా వీధిలో పొగ వదలదు, సంతోషం. కానీ మన కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే. ఆ ప్లాంట్లు గంధకపు పొగను కడిగే యంత్రాలు పెట్టాలని 2015లో మీరే రూలు పెట్టారు. గడువులు జరుపుకుంటూ వచ్చి, 2025 జూలైలో ఎక్కువ ప్లాంట్లకు అసలు అక్కర్లేదన్నారు. గంధకం గాలిలో పోయి పోయి సల్ఫేట్ రేణువుగా మారి మళ్లీ పీఎం-2.5లోనే, అంటే రెండున్నర మైక్రాన్ల లోపు సన్నటి రేణువుల్లోనే, తేలుతుంది. లారీవాణ్ణి యూరియా పోయమని నిలదీసే నోటితో పవర్ ప్లాంటును వదిలేస్తే లారీవాడు అడగడా? నన్ను అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

వ్యూహం రాసేటప్పుడు మొదటి పేజీలో ఒక పేరు రాయండి. ఏ శాఖ అయినా సరే, ఈ పొగ నాది అని పార్లమెంటులో నిలబడి ఏటా లెక్క చెప్పే మంత్రి ఒకరు. ఆ లెక్కలో ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారన్నది వద్దు. టోల్ ప్లాజాల దగ్గర కొలిచిన బండ్లలో పరిమితి దాటినవి కిందటేడు ఎన్ని, ఈ ఏడు ఎన్ని, అంతవరకే కావాలి.

అది మొదలుపెట్టే ముందు ఒక్క రాత్రి మీలో ఎవరైనా, ముందుగా కబురు చేయకుండా, హైవే పక్కన లారీలు ఆగే చోటికి రండి. రేణువులు లెక్కపెట్టే మీటరు ఒకటి తెప్పించండి. యాభై లారీలు చూద్దాం. డ్రైవర్లతో నేను మాట్లాడతాను, చలానా రాయబోమని మీరు మాటిస్తే వాళ్లు ఒప్పుకుంటారు. గొట్టం నేను పట్టుకుంటాను. మీరు అంకె చదవండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డీజిల్ మెకానిక్